ప్రొద్దు వాలిన తరువాత కోడి ఎక్కడ కూర్చొనవలెను?
పెరటి కోళ్ళకు దండెము అమర్చు విధానము

ప్రొద్దు వాలి పశువులు ఇల్లు చేరు వేళకు మీ పెరటిలో ఒక్క పావుగంట నిలబడి చూడండి. పగలంతయు పెంటకుప్పల మీదను, గడ్డివాముల క్రిందను తిరిగిన కోళ్ళు ఒక్కొక్కటిగా వచ్చి చేరును. కొంతసేపు అటు నిటు తచ్చాడును. మెడ సాచి పైకి చూచును. ఒకటి బండి మీదికి ఎగురును, ఒకటి దడి మీదికి ఎగిరి అక్కడనుండి వేపకొమ్మ నందుకొనును. చేతికి చిక్కినవానిని ఇల్లాలు పట్టి గంప క్రింద కమ్మి, గంప మీద బరువుకొక రాయి పెట్టును. తెల్లవారి చూచుసరికి కొమ్మ మీది పెట్ట కనుపించదు. చెట్టు మొదట నాలుగు ఈకలు మాత్రము పడి యుండును. గంప ఎత్తి చూచిన, క్రింది కోళ్ళు తమ రెట్టలోనే నలిగి, ఈకలు తడిసి, కన్నులు మూసికొని నిలిచి యుండును.

ఇట్టి ఉదయము చూడని ఊరు లేదు. పోయినది ఒక్క కోడియే గదా యని మనము ఊరకుందుము. కాని ఆ పెట్ట విడతకు 10, 15 గ్రుడ్లు పెట్టి, పొదిగి, పిల్లలను లేపి తిప్పునది. ఇంటి ఇల్లాలికి ఉప్పుకు, పప్పుకు, పిల్లల పలకా పుస్తకాలకు చేతిలో మెదలు డబ్బు అదియే. ఈ నష్టమును ఆపుటకు పెద్ద ఖర్చు అక్కరలేదు. తలుపున్న గూడును, అందులో కోళ్ళు ఎక్కి కూర్చొనుటకు రెండు నున్నని కర్రలును చాలును. ఆ కర్రనే ఈ వ్యాసములో దండెము అనుచున్నాము.

కోడిని అడిగి మసాలా నూరరు అని సామెత. కాని గూడు కట్టునపుడు మాత్రము కోడిని అడిగియే కట్టవలెను. తనకేమి కావలయునో అది ప్రతి సాయంకాలము పైకి చూచి చెప్పుచునే యున్నది.

కోడి ఎత్తునే ఎందుకు వెదకును?

మన ఇంటి కోళ్ళకు మూలపురుషుడు ఎర్ర అడవికోడి. అది నేటికిని తూర్పు కనుమల అడవులలో కలదు. పగలంతయు నేల మీద గింజలు, పురుగులు ఏరుకొని తినును. చీకటి పడునప్పటికి వెదురుపొదల మీదికి, చెట్ల కొమ్మల మీదికి చేరును. కోడికి చీకటిలో చూపు ఆనదు. కనుపించని శత్రువునుండి తప్పించుకొనుటకు దానికి తెలిసిన ఉపాయము ఒక్కటే: వెలుతురుండగానే నేల విడిచి పైకి పోవుట. వేల ఏండ్లు మన పెరళ్ళలో పెరిగినను కోడి ఆ అలవాటును మరువలేదు.

దాని కాలు కూడ ఈ పనికి తగినట్లే యున్నది. కోడి కాలు ముడిచి కూర్చున్నంతనే, కాలి వెనుకగా వ్రేళ్ళకు పోవు త్రాళ్ళ వంటి నరములు బిగిసి, వ్రేళ్ళను కర్ర చుట్టు ముడుచును. కావున నిద్రలో ఒడలు తెలియకున్నను అది జారి పడదు. పట్టుకొనుటకు తగిన కర్ర దొరికినచో కోడి శ్రమ లేక నిద్రించును. దొరకనిచో రాత్రంతయు ఒదుగుచు, లేచుచు, ఒకదానినొకటి త్రొక్కుకొనుచు గడపును.

చెట్టు, గంప — రెంటను నష్టమే

చెట్టు మీద గాలి బాగుగ ఆడును, నిజమే. కాని జంగుపిల్లి చెట్టెక్కును. గుడ్లగూబ పైనుండి దిగును. వానకారులో కోడి రాత్రంతయు తడియును. తుపాను గాలికి కొమ్మ విరిగినను, కోడి జారినను చీకటిలో కుక్కల పాలగును. మరియొక ప్రమాదము కూడ కలదు. అదే చెట్టు మీద కాకులు, కొంగలు వ్రాలును. వాని రెట్టతో కొన్ని అంటురోగములు రాగలవు. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాలలో పక్షిజ్వరము కనుపించి కోళ్ళు పోయిన సంగతి మీకు తెలిసినదే. అడవి పక్షులకు మన కోళ్ళను దూరముగ ఉంచుట ఆ రోగము విషయమున మొదటి జాగ్రత్త.

గంపలో శత్రుభయము కొంత తక్కువే. కాని అందు కోళ్ళు తమ రెట్ట మీదనే కూర్చొనవలెను. రాత్రి రెట్టలోని తేమకు ఘాటైన వాసన పుట్టి కన్నులను, ముక్కును మండించును. అందుచే ఊపిరి జబ్బులు సులభముగ పట్టుకొనును. రెట్టతో బయటపడు ఏలికపాములు, రక్తపారుడు క్రిములు నేలనుండి మరల కోడి నోటికి చేరును. వేసవిలో గంప క్రింద ఉక్కకు బలమైన పుంజులు కూడ నోరు తెరచి రొప్పును. పందికొక్కు గంప క్రింద మట్టి తవ్వి లోనికి పోవుటయు కలదు.

చెట్టు ఇచ్చు ఎత్తును, గంప ఇచ్చు కాపును ఒక్కచోట కూర్చినచో అదియే దండెమున్న గూడు.

ఏ కర్ర మంచిది?

కోడి పాదము చుట్టును పట్టుకొనుటకు వీలగు లావుండవలెను. ఒకటిన్నర మొదలు 2 అంగుళములు, అనగా 4 మొదలు 5 సెంటీమీటర్ల లావు పెరటి కోళ్ళకు సరిపోవును. ఇంతకన్న సన్నమైన కర్ర మీద కోడి బరువంతయు రొమ్ము ఎముక నడుమ ఒక్కచోటనే పడును; ఎదుగు కోళ్ళకు ఆ ఎముక వంకర పోవచ్చును. మరీ వెడల్పు పలకయైనచో దాని మీదనే రెట్ట పడి, కోడి అందులోనే కూర్చొనును.

కోస్తాలో సరుగుడు కర్ర చవకగా దొరకును. మెట్టప్రాంతములలో నీలగిరి కర్ర దొరకును. ఈ రెండును మంచివే. బెరడు పూర్తిగా ఒలిచి, కణుపులు చెక్కి, నున్న చేయవలెను. బెరడు విడువరాదు, దాని క్రింద పురుగులు దాగును. తుమ్మ కొమ్మను వాడదలచినచో ముల్లు మొదలంట తీసివేయండి. చదరపు చెక్కను వాడినచో పై అంచులు రెండును గుండ్రముగ చెక్కవలెను. తాటిపట్టె గట్టిదేయైనను దాని పేళ్ళు కోడి అరికాలిలో గ్రుచ్చుకొని, వాపును, చీమును పుట్టించును. నున్నగా చిత్రిక పట్టనిదే దానిని వాడరాదు.

వెదురు అందరికి అందుబాటులో ఉన్నదే. కాని అది జారును. పైగా రెండు చివరల బోలు నల్లులకు, పిడుదులకు మంచి ఇల్లు. వెదురునే వాడవలసి వచ్చినచో చివరలను బంకమట్టితోనో సిమెంటుతోనో మూసివేసి, పైభాగమును కత్తితో కొంచెము గరుకు చేయండి. ఇనుప గొట్టము, ప్లాస్టిక్ గొట్టము పనికిరావు. కోడికి వాని మీద పట్టు చిక్కదు.

పండ్రెండు కోళ్ళ గూటికి కొలతలు

పగలు బయట తిరిగి రాత్రి మాత్రమే లోపల ఉండు కోళ్ళకు ఈ కొలతలు చెప్పబడినవి. నాటుకోడికి దండెము మీద 7 లేక 8 అంగుళముల చోటు కావలెను. ఐరోపా దేశములలో 1999లో చేసిన చట్టము గ్రుడ్లకోడికి తక్కువలో తక్కువ 15 సెంటీమీటర్ల దండెము ఉండవలెనని విధించినది. అనగా సుమారు 6 అంగుళములు. మన వేసవికి అంత ఇరుకు పనికిరాదు; కొంత ఎక్కువగ ఇచ్చుటయే మేలు. 8 అంగుళముల లెక్కన 4 అడుగుల దండెము మీద 6 కోళ్ళు కూర్చొనును. రెండు దండెములకు 12 కోళ్ళు.

గూడు పొడవు 4 అడుగులు, వెడల్పు 3 అడుగులు ఉండవలెను. వెనుక గోడనుండి 10 అంగుళములు విడిచి మొదటి దండెము, దానికి 14 అంగుళముల ఎడమున రెండవ దండెము వేయవలెను. అపుడు ముందు గోడకు 12 అంగుళములు మిగులును. ఇంత ఎడము ఎందుకన్న, గోడ దగ్గరైనచో తోక ఈకలు రాసికొని విరుగును. కర్రలు దగ్గరైనచో ముందు కోడి వెనుక కోడి మీద రెట్ట వేయును. ఒక దండెము క్రింద మరియొక దండెము నిలువుగ కట్టరాదను సంగతి చెప్పనక్కరలేదు.

రెండు దండెములును గూటి అడుగునుండి ఒకే ఎత్తున, ఒకటిన్నర అడుగున ఉండవలెను. ఒకటి ఎత్తుగా, ఒకటి పల్లముగా ఉన్నచో కోళ్ళన్నియు పైదానికే పోట్లాడును. బలహీనమైనవి పొడుపులు తిని క్రింద చేరును. గూడు వెనుక గోడ మూడున్నర అడుగులు, ముందు గోడ నాలుగున్నర అడుగులు ఉన్నచో కప్పు వాలుగ ఉండి, కోడి నిలబడినను తల తగులదు.

గూటికి గాలి కోళ్ళ తలలకు పైగా పోవునట్లు, చూరు క్రింద రెండు ప్రక్కల సందు విడిచి, దానికి అర అంగుళము కన్నుల ఇనుపజాలీ కొట్టించండి. అపుడు పాము గాని, పందికొక్కు గాని దూరలేదు. వానజల్లు కొట్టు ప్రక్క గోనెపట్టా వ్రేలాడదీసి, వాన వెలిసిన వెంటనే ఎత్తివేయవలెను. గూటిని నాలుగు గుంజల మీద నేలనుండి రెండడుగుల ఎత్తున నిలిపినచో నేలచెమ్మ తగులదు. కోళ్ళు ఎక్కుటకు అడ్డబద్దలు కొట్టిన పలకను మెట్లవలె వాల్చవలెను. తాటాకు కప్పు వేసవికి చల్లగా ఉండును. రేకు కప్పు వేసినచో దాని మీద గడ్డి పరవండి.

అన్నింటికన్న ముఖ్యమైనది ఒకటి కలదు. దండెమును మేకులతో బిగించరాదు. ప్రక్క చెక్కలలో గండి కోసి, అందులో చివరలు కూర్చొనునట్లు ఉంచవలెను. చేత ఎత్తి తీయగల దండెమే శుభ్రముగ ఉండగల దండెము.

గ్రుడ్లు పెట్టు బుట్టలను దండెము కంటె పల్లముగ, ఒక మూలకు అమర్చండి. కోడి రాత్రి ఎప్పుడును గూటిలో అన్నింటికన్న ఎత్తైన చోటనే పడుకొనును. బుట్ట ఎత్తున ఉన్నచో బుట్టలోనే పడుకొని రెట్ట వేయును. మరునాటి గ్రుడ్డు మురికి యగును.

బరువు కోళ్ళకు, పిల్లలకు వేరు ఏర్పాటు

అన్ని కోళ్ళకు ఒకే ఎత్తు పనికిరాదు. మన అసీలు పుంజు 4, 5 కిలోల బరువు తూగును. అట్టిది ఎత్తునుండి గట్టినేల మీదికి దూకినచో అరికాలు దెబ్బతిని, వాచి, చీము పట్టును. హైదరాబాదు రాజేంద్రనగరులో పెరటి పెంపకము కొరకు రూపొందించిన వనరాజా జాతి కూడ నాటుకోడి కంటె బరువైనదే. ఇట్టివానికి దండెము ఒక అడుగు ఎత్తున, 2 అంగుళముల లావున ఉంచి, ఒక్కొక్కదానికి 10 అంగుళముల చోటు విడువండి. దిగుచోట ఊకయో, ఇసుకయో పరచి యుంచండి.

పిల్లలకు నెల దాటగనే నేలనుండి 6 అంగుళముల ఎత్తున వ్రేలెడు లావు కర్ర ఒకటి పెట్టినచో ఆడుచు పాడుచు ఎక్కుట నేర్చుకొనును. చిన్ననాట నేర్చిన కోడి పెద్దదైన తరువాత చెట్టు వెదకదు. తల్లికోడి మాత్రము పిల్లలు చిన్నవిగా ఉన్నన్ని నాళ్ళు దండెమెక్కదు. పిల్లలను రెక్కల క్రింద పొదువుకొని నేల మీదనే ఉండును. దానికి వేరుగ ఒక మూల పొడి ఊక పరచి, తడిక అడ్డము పెట్టి, పైనుండి ఇతర కోళ్ళ రెట్ట పడకుండ చూడవలెను.

చెట్టెక్కు కోడిని మరల్చుట

క్రొత్త గూడు కట్టిన నాడే కోళ్ళన్నియు లోనికి వచ్చునని ఆశించరాదు. మొదట మూడు నాలుగు దినములు వానిని గూటిలోనే మూసి, మేత, నీరు అక్కడనే పెట్టండి. తరువాత ప్రొద్దు గ్రుంకుటకు అరగంట ముందు విడిచి, గూటి ముందర గుప్పెడు నూకలు చల్లుచు పిలువండి. అయినను చెట్టెక్కినవానిని చీకటి పడిన తరువాత మెల్లగా దింపి, దండెము మీద కూర్చుండబెట్టండి. చీకటిలో కోడి పోరాడదు. వారము, పది దినములు విసుగు లేక ఇట్లు చేసినచో ముదురు కోళ్ళు కూడ దారికి వచ్చును. గూటిలో చీకటి ముందుగ పడినచో కోడి లోనికి పోవుటకు జంకును. మొదటి కొన్ని దినములు కొంతసేపు దీపము చూపుట మంచిది.

దండెములో దాగు దొంగలు

కొన్నాళ్ళు బుద్ధిగా గూటికి వచ్చిన కోళ్ళు ఒక్కసారిగ గూడు విడిచి మరల చెట్టు పట్టినచో వానిని తిట్టకండి. దండెమును చూడండి.

కోడి రక్తము త్రాగు సన్నని నల్లులు పగలు కోడి మీద ఉండవు. దండెము చివరల గండ్లలో, చెక్క పగుళ్ళలో దాగి, రాత్రి బయలుదేరి కోడి కాళ్ళ మీదుగా ప్రాకి రక్తము పీల్చి, తెల్లవారునప్పటికి మరల దాగును. అందుచేత పగలు కోడిని ఎంత వెదకినను కనుపించవు. దండెమును ఎత్తి గండ్లలో చూచినచో బూడిద చల్లినట్లుండును. చీకటి పడిన రెండు గంటలకు తెల్లగుడ్డతో దండెము క్రిందిభాగమును తుడిచి చూడండి; గుడ్డ మీద ఎర్రని చారలు పడినచో నల్లులున్నవని నిశ్చయము. కోళ్ళ జుట్టు పాలిపోవుట, గ్రుడ్లు తగ్గుట, పొదుగు కోడి గ్రుడ్లు విడిచి లేచిపోవుట దీని గుర్తులు.

ఇంతకన్న చెడ్డది కోడిపిడుదు. పెద్ద పిడుదులును ఇట్లే పగుళ్ళలో దాగి రాత్రి మాత్రమే కరచును. ఆహారము లేకున్నను నెలల తరబడి, ఏండ్ల తరబడి కూడ బ్రతికి యుండగలవు. ఇవి కరచుటచేత కోళ్ళకు ఒక విధమైన విషజ్వరము సోకును. కోడి ముడుచుకొని, ఆకుపచ్చని రెట్ట వేసి, కొలది దినములలో చచ్చును. పాత గూటిలో క్రొత్త కోళ్ళను తెచ్చి పెట్టినపుడు ఈ నష్టము ఎక్కువగ కనుపించును.

దీనికి మందు కన్న పని ముఖ్యము. వారమున కొకసారి దండెములను తీసి, గీకి, మరుగు నీరు పోసి, మండుటెండలో సాయంకాలము వరకు ఉంచండి. గండ్లలోను, చెక్కల అతుకులలోను కిరసనాయిలు పూసి, అది ఆరిన పిదపనే దండెమును మరల ఉంచండి. ఆ సమయమున దీపమును దగ్గరకు తేరాదు. గోడల పగుళ్ళు పూడ్చి, రెండు మూడు నెలలకొకసారి సున్నము కొట్టండి. గోడలకు తగులకుండ నాలుగు కాళ్ళ చట్రము మీద దండెములను నిలిపి, ఒక్కొక్క కాలి క్రింద వాడిన ఇంజను ఆయిలు పోసిన డబ్బా పెట్టినచో గోడలలో దాగినవి కోళ్ళను చేరలేవు. చేలకు కొట్టు పురుగుమందును మాత్రము కోళ్ళ మీద గాని, దండెము మీద గాని ఎన్నడును చల్లరాదు. పురుగు పోవుట యటుంచి కోళ్ళు పోవును. వాని గ్రుడ్లు తిన్న మీ పిల్లలకును ముప్పే. మందు కావలసివచ్చినచో పశువైద్యుని అడిగి, ఆయన చెప్పిన పాళ్ళలో వాడండి.

దండెము వద్ద ప్రతిరాత్రి రెండు నిమిషములు

దండెము వలన కలుగు గొప్ప మేలు మరియొకటి కలదు. పగలు పెరటిలో తిరుగు కోళ్ళను లెక్కించుట ఎవరి తరము కాదు. రాత్రి అవి వరుసగ కూర్చున్నపుడు ఒక్క చూపులో లెక్క తేలును. తలుపు మూయుటకు ముందు దీపము చూపి రెండు నిమిషములు చూడండి. దండెమెక్కక నేల మీద ముడుచుకొనిన కోడి జబ్బు కోడి కావచ్చును. దానిని వెంటనే వేరు చేయండి. మెడ క్రింది తిత్తిని తాకి చూడండి. అది ఖాళీగ ఉన్నచో ఆ కోడి పగలు మేయలేదని గ్రహించండి. ముక్కునుండి గురగుర శబ్దము వచ్చుచున్నదేమో వినండి. కోడి తల ఉన్న ఎత్తునకు వంగి మీరే గాలి పీల్చి చూడండి. మీ కన్ను మండినచో కోడి కన్నును మండుచున్నదన్నమాట.

కొక్కెర తెగులు టీకాల వేళకు ఈ అమరిక ఎంతో అక్కరకు వచ్చును. పగలు కోళ్ళను తరిమి పట్టుటలో సగము తప్పించుకొనును. పట్టినవి బెదరి రొప్పును. తెల్లవారుజామున, తలుపు తీయక మునుపు, దండెము మీదనుండి ఒక్కొక్కదానిని తీసి యిచ్చినచో ఒక్క కోడియు తప్పదు. టీకా తప్పిన నాలుగు కోళ్ళు చాలును, ఊరంతటికి తెగులు తెచ్చుటకు.

రెట్ట కూడ ధనమే

రాత్రి రెట్టలో పెద్దభాగము దండెము క్రిందనే పడును. అక్కడ ఊకయో, పొడిమట్టియో రెండంగుళముల మందమున పరచినచో తేమను పీల్చుకొనును. వారమున కొకసారి గీకి ఎరువుగుంటలో వేసి మట్టి కప్పండి. కోడిరెట్టలో నత్రజని పశువుల పేడలో కంటె ఎక్కువ. కాని పచ్చిరెట్టను మొక్క మొదట వేసినచో వేరు మాడును. మాగిన పిదప కూరపాదులకు వేసినచో గుణము వెంటనే కనుపించును.

గ్రామ సిబ్బందికి ఒక మాట

గ్రామములో పనిచేయు పశుసంవర్ధక, పంచాయతీ ఉద్యోగులు ఈ విషయమును ఉపన్యాసముగ చెప్పుట కన్న ఒక్క పెరటిలో చేసి చూపుట మేలు. కోళ్ళను పెంచునది ఇంటి ఆడువారు గనుక, వారిని సాయంకాలము, కోళ్ళు గూడు చేరు వేళకు పిలువవలెను. రెండు కర్రలు పెట్టిన గూటిలోనికి కోళ్ళు తామై పోవుట కన్నులార చూచినవారికి వేరు బోధ అక్కరలేదు. ఊరిలో కోళ్ళు గుంపులుగ చచ్చుచున్నచో, వానిని కాలువలో పారవేయనీయక, వెంటనే పశువైద్యశాలకు తెలుపవలెను.

జ్ఞాపకముంచుకొనవలసినవి

1. దండెము లావు ఒకటిన్నర మొదలు 2 అంగుళములు. బెరడు లేక నున్నగా ఉండవలెను.
2. నాటుకోడికి 8 అంగుళములు, బరువు కోడికి 10 అంగుళముల చోటు.
3. దండెములన్నియు ఒకే ఎత్తున. నాటుకోళ్ళకు ఒకటిన్నర అడుగు, బరువు కోళ్ళకు ఒక అడుగు.
4. గ్రుడ్ల బుట్ట దండెము కంటె పల్లముగ.
5. మేకులు కొట్టరాదు, వారమున కొకసారి తీసి, గీకి, ఎండబెట్టవలెను.
6. ప్రతిరాత్రి లెక్క చూచి తలుపు మూయవలెను.

ఈ ఆరింటిలో కడపటిది మరచినచో మొదటి అయిదును వృథా. తలుపు మూయని గూటిలో దండెము జంగుపిల్లికి వడ్డించిన విస్తరి వంటిది. ఈ సాయంకాలమే పెరటిలో నిలబడి మీ కోళ్ళు ఎటు చూచుచున్నవో గమనించండి. రేపటి ప్రొద్దు వాలకముందే రెండు కర్రలు నున్న చేసి గూటిలో ఉంచండి. ఎల్లుండి ఉదయమున గంప ఎత్తి చూచు దిగులు మీకుండదు.